చిన్న కుటుంబం చేసిన బరోలో: సీసా ఎంపిక నుంచి చివరి గ్లాసు వరకు

ఇటలీకి వాయవ్యాన ఉన్న పియెమోంటే ప్రాంతంలో, తురిన్ నగరానికి దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరాన అల్బా అనే పట్టణం ఉంది. దాని చుట్టూ అలలు అలలుగా లేచిన గుట్టలను లాంగే అని పిలుస్తారు. ఆ గుట్టల్లో 11 గ్రామాల పరిధిలో మాత్రమే, నెబ్బియోలో అనే ఒకే ఒక్క రకం ద్రాక్షతో మాత్రమే చేసే ఎర్ర వైన్ పేరు బరోలో. ఆ 11 గ్రామాల్లో ఒకదాని పేరే వైన్‌కు కూడా వచ్చింది. 2014లో యునెస్కో ఈ ద్రాక్షతోటల సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటూ ఒక మంచి సీసా కొనాలనుకునే తెలుగువారికీ, ఇటలీ యాత్రకు వెళ్లి ఒకటి రెండు సీసాలు ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారికీ పనికివచ్చేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను. బరోలో తమకు నచ్చలేదని నాతో చెప్పినవారిలో ఎక్కువమంది దాన్ని లేత వయసులో, వేడిగా, పక్కన తగిన తిండి లేకుండా తాగినవారే. ఈ మూడు పొరపాట్లూ తప్పించుకోదగినవే కాబట్టి, ఒక్కొక్క మెట్టు దగ్గరా కారణం కూడా చెప్పుకుంటూ వెళ్తాను.

ముందుగా తెలుసుకోవలసినది: వగరు

ఈ వైన్‌ను అర్థం చేసుకోవడానికి కావలసిన మాట మన షడ్రుచుల్లోనే ఉంది. నేరేడు పండు తిన్నప్పుడు, దోరగా కూడా మారని జామకాయ కొరికినప్పుడు నాలుక బిరుసెక్కి నోరు పిడచకట్టుకుపోతుంది కదా, ఆ వగరే బరోలోకు వెన్నెముక. దానికి కారణం ద్రాక్ష తొక్కలోనూ గింజల్లోనూ ఉండే టానిన్లు. అవి లాలాజలంలోని మాంసకృత్తులకు అతుక్కుని నోటి జిగిని లాగేస్తాయి. నెబ్బియోలోలో వగరు, పులుపు రెండూ ఎక్కువే. రంగు మాత్రం పలచన. ముదురు రంగు ఉంటేనే గట్టి వైన్ అనుకునేవారు గ్లాసులో దానిమ్మ రసంలా పారదర్శకంగా మెరిసే ఈ ఎరుపును చూసి తేలికపాటి వైన్ కాబోలు అనుకుంటారు, మొదటి గుక్కతోనే ఆ అభిప్రాయం మార్చుకుంటారు.

కాలం గడిచేకొద్దీ ఆ వగరు మెత్తబడుతుంది. అందుకే చట్టమే ఈ వైన్‌కు విశ్రాంతి గడువు పెట్టింది. కోత జరిగిన సంవత్సరం నవంబరు 1 నుంచి లెక్కించి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచిన తరువాతే అమ్మాలి. అంటే 2021 అక్టోబరులో కోసిన పంట 2025 జనవరికి ముందు అంగడిలోకి రాకూడదు. రిజర్వా అని రాసి ఉన్న సీసాకు ఈ గడువు 62 నెలలు.

కుటుంబపు తోట అంటే ఏమిటి

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు లాంగే రైతుల్లో చాలామంది వైన్ అమ్మేవారు కాదు, ద్రాక్ష అమ్మేవారు. కొన్నది పెద్ద వర్తకులు, ధర కూడా వారిదే. ఆ రోజుల్లో ఈ గుట్టలు పేద గుట్టలు. యువకులు తురిన్ కారు కర్మాగారాలకు వలసపోయారు. అల్బాలోనే పుట్టి పెరిగిన ఫెర్రేరో మిఠాయి సంస్థ గ్రామాలకు బస్సులు నడిపి పనివారిని తీసుకువెళ్లడం వల్ల కొన్ని కుటుంబాలు పొలం వదలకుండా నిలదొక్కుకున్నాయి. మన పిల్లలు రొట్టెకు పూసుకు తినే నుటెల్లా వెనుక ఈ తోటల కథ కూడా కొంత ఉందన్నమాట. 1960ల నుంచి 80ల మధ్య ఒక తరం రైతులు తమ ద్రాక్షను తామే వైన్‌గా మార్చి, తమ పేరు అతికించి సీసాల్లో నింపడం మొదలుపెట్టారు. 1986లో ఇటలీలో మిథనాల్ కలిపిన చౌక వైన్ తాగి ఇరవైమందికి పైగా చనిపోయిన దుర్ఘటన తరువాత, సీసా మీద ఎవరి పేరు ఉందన్న ప్రశ్నకు విలువ మరింత పెరిగింది.

ఒక హెక్టారుకు 8 టన్నులకు మించి ద్రాక్ష తీయకూడదన్నది నియమం. దాని నుంచి వచ్చేది ఏడు వేల సీసాలకు కాస్త ఎక్కువ. ఐదు హెక్టార్ల కుటుంబం తన తోటంతా బరోలోకే కేటాయించినా, ఏడాదికి 35 వేల సీసాల చుట్టుపక్కలే చేయగలదు. నిజానికి వారు దోల్చెట్టో, బార్బేరా ద్రాక్షలు కూడా వేస్తారు కాబట్టి అంత కూడా రాదు. మొత్తం ప్రాంతం నుంచి ఏటా కోటికి పైగా సీసాలు వస్తాయి. ఆ రాశిలో నుంచి కుటుంబం సీసాను వెతికి పట్టుకోవడమే మన మొదటి పని.

మొదటి మెట్టు: సీసా మీది చిన్న అక్షరాలు చదవడం

ముందు వైపు కోట బొమ్మ, తాతగారి ఫొటో, కుటుంబ చిహ్నం, 'తరతరాల సంప్రదాయం' అన్న మాట ఉన్నంత మాత్రాన అది చిన్న కుటుంబం చేసిన వైన్ అని నమ్మవద్దు. వాటిని ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. నిజం చెప్పేవి వెనుక వైపునో అంచునో ఉండే చిన్న అక్షరాలు, ఎందుకంటే వాటిని చట్టం నియంత్రిస్తుంది.

మొదట చూడవలసిన మాట 'అజియెండా అగ్రికోలా'. వ్యవసాయ క్షేత్రం అని దాని అర్థం. తన సాగులో ఉన్న తోటల ద్రాక్షతోనే, తన దగ్గరే వైన్ చేసిన రైతు మాత్రమే ఈ మాట వాడుకోవచ్చు. తరువాత 'ఇంబొత్తిల్యాతో అల్లోరిజినే', అంటే పుట్టినచోటే సీసాలో నింపినది. ఈ రెండో మాటను రైతుల సహకార సంఘాలు కూడా వాడవచ్చు, కాబట్టి అది ఒక్కటే చాలదు, రెండూ కలిసి ఉండాలి. వీటికి బదులు 'ఇంబొత్తిల్యాతో దా' అని రాసి ఒక సంస్థ పేరు మాత్రమే ఉంటే, ద్రాక్షో వైనో కొని సీసాల్లో నింపిన వర్తకుడి సరుకు అయి ఉండవచ్చు. అది చెడ్డదని కాదు, మంచి వర్తకులూ ఉన్నారు. కానీ మనం వెతుకుతున్నది అది కాదు.

ఆ పక్కనే ఊరి పేరు ఉంటుంది. అది బరోలో, లా మొర్ర, కాస్తిల్యోనే ఫల్లెట్టో, సెర్రలుంగ దాల్బా, మోన్‌ఫోర్తే దాల్బా, వెర్దూనో, నొవెల్లో వంటి పేర్లలో ఒకటైతే మంచిదే. కొన్ని సీసాల మీద ద్రాక్ష బుట్ట ఎత్తుకున్న మనిషి గుర్తు కనిపిస్తుంది. అది 2008లో ఏర్పడిన ఇటలీ స్వతంత్ర ద్రాక్షరైతుల సమాఖ్య గుర్తు. తోట సాగు, వైన్ తయారీ, సీసాలో నింపడం, అమ్మకం అన్నీ తామే చేసుకునేవారే అందులో సభ్యులు. ఆ గుర్తు లేని మంచి కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి గాని, ఉంటే మాత్రం నాకు సగం సందేహం తీరిపోతుంది.

చివరగా సీసా మెడ మీద అతికించిన కాగితపు పట్టీ చూడండి. ఇటలీ ప్రభుత్వ ముద్రణాలయం వేసే ఈ పట్టీ మీద వరుస సంఖ్య ఉంటుంది, 1980 నుంచి బరోలోకు దక్కిన డీఓసీజీ అనే అత్యున్నత హోదాకు అది సాక్ష్యం. పట్టీ లేని బరోలోను కొనవద్దు.

రెండవ మెట్టు: ఊరు, సంవత్సరం, చేతి తీరు

ఒకే ద్రాక్ష, ఒకే చట్టం, పట్టుమని పది పదిహేను కిలోమీటర్ల దూరం, అయినా ఊరు మారితే రుచి మారుతుంది. పడమటి వైపున్న లా మొర్ర, బరోలో గ్రామాల్లో నీలిబూడిద రంగు సున్నపు బంకమట్టి ఎక్కువ, అక్కడి వైన్ సువాసనతో, కాస్త మెత్తగా ఉండి ముందుగా తాగడానికి పక్వానికి వస్తుంది. తూర్పున సెర్రలుంగ దాల్బా, మోన్‌ఫోర్తే దాల్బా వైపు నేల మరింత పాతది, ఇసుకరాయి పొరలు కలిసినది. అక్కడి వైన్ వగరు గట్టిది, ఆయుష్షు ఎక్కువది. తొలిసారి కొనేవారికి లా మొర్ర లేదా వెర్దూనో సీసాను సూచిస్తాను. పదేళ్లు దాచగల ఓపిక, వసతి ఉన్నవారు సెర్రలుంగ వైపు వెళ్లవచ్చు.

కొన్ని సీసాల మీద ఊరి పేరు కాకుండా బ్రునాతే, కన్నూబి, బుస్సియా వంటి తోట పేరు ఉంటుంది. 2010లో ఇలాంటి పేర్లను అధికారికంగా హద్దులు గీసి నమోదు చేశారు, ఊళ్ల పేర్లతో కలిపి మొత్తం 181. తోట పేరు ఉంటే ధర పెరుగుతుంది. కానీ బుస్సియా ఒక్కటే దాదాపు 300 హెక్టార్లు, అంతటా నేల ఒకే తీరుగా ఉండదు. మరోవైపు, పేరు లేని మామూలు బరోలోను తక్కువ అంచనా వేయకూడదు. రెండు మూడు తోటల పండ్లు కలిపి చేయడమే ఇక్కడి పాత పద్ధతి. బరోలో గ్రామానికి చెందిన, సుమారు ఐదు హెక్టార్ల తోట ఉన్న బర్తోలో మస్కరెల్లో ఆ పద్ధతినే జీవితాంతం పట్టుకున్నారు. 2005లో ఆయన చనిపోయాక కూతురు మరియా తెరేసా కూడా దాన్నే కొనసాగిస్తున్నారు.

సంవత్సరం విషయంలో నెబ్బియోలో చాలా సున్నితం. అందరికంటే ముందు చిగురించి, అందరికంటే ఆలస్యంగా అక్టోబరులో పండే రకం కాబట్టి, వసంతంలో మంచు నుంచి శరదృతువులో వాన వరకు ప్రతి విపత్తుకూ దొరికిపోతుంది. 2010, 2013, 2016, 2019 సంవత్సరాలు నిదానంగా పండి గట్టి వైన్లు ఇచ్చాయి. వాటిని దాచుకోవచ్చు. 2017 వేడి, పొడి సంవత్సరం. 2014 వానలతో కష్టపెట్టింది. 2018, 2020 పంటలు తొందరగా స్నేహం చేస్తాయి, ఈ ఏడాదో వచ్చే ఏడాదో తాగాలనుకునేవారు వాటినే ఎంచుకోవాలి. నా సలహా ఏమిటంటే, గొప్ప సంవత్సరపు లేత సీసా కంటే సామాన్య సంవత్సరపు పక్వమైన సీసా విందుకు మేలు.

ఇక చేతి తీరు. పాత పద్ధతిలో తొక్కలను రసంలో నెల రోజుల వరకు, కొన్నిసార్లు అంతకు మించి నాననిచ్చి, తరువాత వేల లీటర్లు పట్టే పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. 1980లలో కొందరు యువకులు ఫ్రాన్సు వెళ్లి చూసి వచ్చి, నానబెట్టే కాలాన్ని రోజులకు తగ్గించి, 225 లీటర్ల కొత్త చిన్న పీపాలు తెచ్చారు. వారిలో ఒకరైన ఎలియో అల్తారే 1983లో తన తండ్రి పాత పీపాలను మోటారు రంపంతో కోసేశాడు. తండ్రి ఆయనకు ఆస్తిలో వాటా లేకుండా చేశాడు. ఒక పీపా పరిమాణం ఇంటిని రెండుగా చీల్చిందంటే అక్కడివారికి అది ఎంత పెద్ద విషయమో ఊహించుకోండి. ఇప్పుడు ఆ వైరం చల్లారింది, చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పెద్ద పీపాలా, చిన్నవా? ఎండిన గులాబీ వాసన, నేల వాసన కోరుకునేవారికి పెద్దవి. వనిల్లా, కాల్చిన చెక్క వాసన ఇష్టమైనవారికి చిన్నవి. నా మనసు ఎప్పుడూ పెద్ద పీపాల వైపే.

మూడవ మెట్టు: కొనడం, తెచ్చుకోవడం

కుటుంబ బరోలో సీసాకు ఇటలీలో సాధారణంగా 35 నుంచి 60 యూరోల దాకా ఉంటుంది. పేరు మోసిన ఇళ్లవి, తోట పేరున్నవి దానికి చాలా పైన. అంత ఖర్చు పెట్టే ముందు అదే కుటుంబం చేసిన లాంగే నెబ్బియోలో సీసా ఒకటి కొని తాగి చూడమని గట్టిగా చెబుతాను. అదే ద్రాక్ష, తరచుగా అదే తోటల లేత తీగల పండ్లు, తక్కువ కాలం పీపాలో ఉంటుంది, ధర సగానికి అటూ ఇటూ. అది నచ్చితే పెద్దన్న కూడా నచ్చుతాడు.

నేరుగా తోటకు వెళ్లగలిగితే అంతకన్నా కావలసింది లేదు. అయితే చిన్న కుటుంబానికి దుకాణం, గుమాస్తా ఉండరు. మీకు వైన్ పోసే మనిషే పొద్దున తీగలు కత్తిరించి వచ్చి ఉంటారు. అందుకని వారం రెండు వారాల ముందే ఉత్తరం రాసి సమయం అడగాలి, అన్న వేళకు చేరుకోవాలి, రాలేకపోతే ముందే చెప్పాలి. సెప్టెంబరు చివర, అక్టోబరు నెలల్లో కోత హడావిడి ఉంటుంది, అప్పుడు అడగకపోవడమే మర్యాద. రుచి చూసినందుకు రుసుము తీసుకుంటే చెల్లించండి, తీసుకోకపోతే కనీసం రెండు సీసాలు కొనండి. గదిలో ఉమ్మివేసే పాత్ర ఉంటే వాడుకోవడంలో తప్పు లేదు, పైగా ఆ మలుపుల రోడ్ల మీద కారు నడిపేవారు తప్పనిసరిగా వాడాలి. సమయం దొరకనివారికి బరోలో కోట నేలమాళిగలోని ప్రాంతీయ వైన్ శాల ఉంది. అక్కడ అనేక కుటుంబాల సీసాలు ఒకేచోట దొరుకుతాయి.

భారతదేశానికి తెచ్చుకునే ప్రయాణికుడికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం వరకు అనుమతి ఉంది. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చేతి సంచిలో ద్రవాలు ఒప్పుకోరు కనుక పెద్ద పెట్టెలో, ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, మందపాటి బట్టల మధ్య, పెట్టె నడిమి భాగంలో పెట్టండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ మద్యం తాగడానికి కనీస వయసు 21 అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నాలుగవ మెట్టు: దాచడం

వైన్‌కు నాలుగు శత్రువులు: వేడి, వెలుతురు, కుదుపు, ఉష్ణోగ్రతలో ఎగుడుదిగుడులు. 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, ఓ మోస్తరు తేమ ఉన్నచోట సీసాను పడుకోబెట్టి ఉంచాలి. అలా ఉంచితే వైన్ తగులుతూ బిరడా ఎండిపోకుండా ఉంటుంది, గాలి లోపలికి పోదు.

ఒకసారి నేను ఒక దుకాణంలో అద్దాల అలమరలో దీపం కింద నిలబెట్టి ఉంచిన సీసాను, సంవత్సరం మంచిదని ఆశపడి కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే బిరడా అర అంగుళం పైకి లేచి ఉంది, మూతి మీది రేకు కింద జిగురు కట్టి ఉంది. తెరిస్తే ఉడికించిన ఎండుద్రాక్ష వాసన తప్ప ఇంకేమీ లేదు. అప్పటి నుంచి ఏ సీసా అయినా కొనే ముందు రేకు పైభాగాన్ని బొటనవేలితో తడిమి చూస్తాను. ఉబ్బు తగిలితే తిరిగి అక్కడే పెట్టేస్తాను.

హైదరాబాదు, విజయవాడ వేసవుల్లో అటక మీదో వంటింటి అలమరలోనో బరోలోను ఉంచడమంటే ఆ సీసాను పోగొట్టుకోవడమే. 13 డిగ్రీలకు అమర్చుకోగల వైన్ ఫ్రిజ్ ఉంటే పదేళ్లయినా ఉంచవచ్చు. అది లేనివారు మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అర వాడుకోవచ్చు. కొన్ని నెలలకు అది ఫరవాలేదు, కాని పొడిగా, మరీ చల్లగా ఉంటుంది కాబట్టి ఏళ్లకు పనికిరాదు. అలాంటప్పుడు పక్వానికి వచ్చిన సీసానే కొని, ఏడాది లోపల తాగేయడం తెలివైన పని.

పక్వం అంటే ఎప్పుడన్న ప్రశ్నకు ఒక అంచనా చెబుతాను. మామూలు సంవత్సరపు బరోలో కోత నుంచి 8 ఏళ్లకు బాగుపడుతుంది. గట్టి సంవత్సరానిది 12 నుంచి 15 ఏళ్లకు. మంచి తోటలవి, సరిగా దాచినవి 30 ఏళ్లు దాటి నిలిచినవి కూడా ఉన్నాయి.

ఐదవ మెట్టు: తెరిచే ముందు రోజు

సీసాను ఒక రోజు ముందు, వయసు పదేళ్లు దాటితే రెండు రోజుల ముందు, నిటారుగా నిలబెట్టండి. పడుకున్న సీసా పక్కన పేరుకున్న మడ్డి నెమ్మదిగా అడుగుకు జారుతుంది. ఆ మడ్డి హానికరం కాదు, కానీ నోట్లో ఇసుకలా చేదుగా తగులుతుంది.

ఉష్ణోగ్రత ఇక్కడ కీలకం. ఎర్ర వైన్‌ను గది వేడిలో ఇవ్వాలన్న మాట చాలామంది విని ఉంటారు. అది మందపాటి రాతిగోడల పాతకాలపు యూరప్ ఇళ్ల గదుల గురించి పుట్టిన మాట, మన 30 డిగ్రీల గది గురించి కాదు. బరోలోకు తగినది 16 నుంచి 18 డిగ్రీలు. అంతకు మించితే 14 శాతం పైగా ఉండే ఆల్కహాలు ముక్కుకు ఘాటుగా కొట్టి పరిమళాన్ని కప్పేస్తుంది. అంతకు బాగా తగ్గితే వగరు ఇనుములా గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్న సీసాను తాగడానికి దాదాపు గంట ముందు బయటికి తీయాలి. బయట వేడిలో ఉన్నదాన్ని, సగం మంచు సగం నీళ్లు పోసిన బకెట్‌లో పది పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. ఏదైనా అటూ ఇటూ అయితే కాస్త చల్లగానే ఉండనివ్వండి. గ్లాసులో పోశాక మన వాతావరణమే దాన్ని వేడెక్కిస్తుంది.

ఆరవ మెట్టు: బిరడా తీయడం, వాసన చూడడం

రేకును సీసా పెదవి కింది అంచు వద్ద చుట్టూ కోసి తీసి, మూతిని తడిగుడ్డతో తుడవండి. బిరడా తీసే మర మొనను బిరడా మధ్యలో గుచ్చి నిటారుగా తిప్పుతూ దించి, చివరి చుట్టు పైన ఉండగానే ఆపండి. పూర్తిగా గుచ్చుకుపోతే బిరడా ముక్కలు వైన్‌లో రాలుతాయి. ఇరవై ఏళ్లు దాటిన సీసాల బిరడా పొడిపొడిగా ఉండవచ్చు. దానికి రెండు సన్నని లోహపు పలకలు పక్కల నుంచి దించి తిప్పి లాగే పరికరం మేలు. ఒకవేళ విరిగి లోపల పడినా కంగారు పడవద్దు, సన్నని శుభ్రమైన జల్లెడలో వడపోస్తే సరిపోతుంది.

మొదటి గుక్కెడు గ్లాసులో పోసి వాసన చూడండి. వానలో తడిసి ఆరిన అట్టపెట్టె వాసన, మూసిన గది బూజు వాసన వస్తే బిరడా చెడిందని అర్థం. అది గాలి తగిలితే పోదు సరికదా ఇంకా పెరుగుతుంది. కొన్నచోటికి తిరిగి తీసుకువెళ్లడానికి మీకు పూర్తి హక్కు ఉంది. గోళ్ల రంగు వాసన, సిరకా వాసన ఘాటుగా వచ్చినా చెడినట్టే. అయితే మొదట్లో వచ్చే కాస్త పశువుల పాక వాసన, కాల్చిన అగ్గిపుల్ల వాసన చాలాసార్లు అరగంటలో ఎగిరిపోతాయి, వాటిని చూసి తొందరపడి పారబోయకండి.

ఏడవ మెట్టు: గాలి తగలనివ్వడం

బరోలో విషయంలో అన్నింటికంటే ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇది. పదేళ్ల లోపు సీసా తెరిచిన వెంటనే పోస్తే ముడుచుకుపోయి ఉంటుంది, వగరు తప్ప ఏదీ వినిపించదు. బిరడా తీసి సీసాను అలా వదిలితే చాలదు, మెడ దగ్గర గాలి తగిలే చోటు ఒక రూపాయి బిళ్లంతే కదా. వెడల్పు అడుగున్న గాజు పాత్రలోకి, అది లేకపోతే శుభ్రంగా కడిగి సబ్బు వాసన లేని పెద్ద గాజు జగ్గులోకి, మొత్తం వైన్‌ను వంచి పోయండి. లేత బరోలోకు రెండు నుంచి నాలుగు గంటలు ఇవ్వాలి. గది వేడిగా ఉంటే ఆ పాత్రను చల్లని చోట ఉంచాలి, లేకపోతే ఐదవ మెట్టులో పడిన శ్రమ వృథా.

పాత సీసా సంగతి పూర్తిగా వేరు. ఇరవై ఏళ్ల వైన్ పరిమళం పలచని పొగలాంటిది, ఎక్కువ గాలికి చెదిరిపోతుంది. దాన్ని వడ్డించడానికి కాస్త ముందు మాత్రమే, మడ్డి నుంచి వేరు చేయడానికి, కుదుపు లేకుండా ఒకే ధారగా వంచండి. సీసా మెడ వెనుక ఒక దీపం పెట్టుకుని చూస్తూ ఉంటే మడ్డి మెడ దాకా వచ్చే క్షణం తెలుస్తుంది, అక్కడ ఆపేయాలి. అడుగున మిగిలే రెండు మూడు చెంచాల మీద ఆశపడవద్దు.

మీ సీసా ఏ దశలో ఉందో తెలియకపోతే, తెరిచి ఒక చిన్న గుక్క చూసి, దాన్నిబట్టి నిర్ణయించుకోండి. నేను ప్రతిసారీ చేసేది అదే.

ఎనిమిదవ మెట్టు: గ్లాసు, గుక్క

కడుపు వెడల్పుగా, మూతి లోపలికి ముడిచినట్టు ఉన్న పెద్ద గ్లాసు తీసుకుని, మూడో వంతుకు మించకుండా పోయండి. కాడ పట్టుకుని తెల్లని గుడ్డ మీదకు వంచి అంచు రంగు చూడండి. లేతదైతే కెంపు రంగు, వయసు మీద పడేకొద్దీ అంచున ఇటుక రంగు, ఆపై నారింజ ఛాయ వస్తాయి. గుండ్రంగా తిప్పి వాసన చూస్తే మొదట ఎండిన గులాబీ రేకులు, చెర్రీ, తరువాత ఆశ్చర్యంగా కొత్తగా వేసిన రోడ్డు మీది తారు, అతిమధురం వేరు, ఎండుటాకులు వస్తాయి. పెళ్లి మరుసటి రోజు వాడిన గులాబీ దండ వాసన తెలిసినవారికి ఈ వైన్ ఒక్క క్షణంలో పరిచయమవుతుంది.

గుక్కను వెంటనే మింగక నోరంతా తిప్పండి. చిగుళ్ల మీద వగరు, నాలుక పక్కల పులుపు, మింగాక ఎంతసేపు రుచి నిలుస్తుందో గమనించండి. ఒక సీసాకు ఐదు గ్లాసులు వస్తాయి. నలుగురైదుగురు కూర్చుని రెండు గంటల పాటు నెమ్మదిగా తాగవలసిన వైన్ ఇది, ఎందుకంటే మొదటి గ్లాసుకూ చివరి గ్లాసుకూ మధ్య అది మారుతూనే ఉంటుంది.

తొమ్మిదవ మెట్టు: తిండి

వగరుకు విరుగుడు మాంసకృత్తులు, కొవ్వు. టానిన్లు లాలాజలాన్ని వదిలి వాటిని పట్టుకుంటాయి, నోరు మళ్లీ జిగి తెచ్చుకుంటుంది. లాంగే ఇళ్లలో అందుకే గుడ్డు సొన ఎక్కువ వేసి చేసే తయరిన్ అనే సన్నని సేమ్యా, మాంసం కూరిన చిన్న అన్యొలొత్తి, వైన్‌లో గంటల తరబడి ఉడికిన గొడ్డుమాంసం, శరదృతువులో అల్బా తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే పుట్టగొడుగు లాంటిది) తురుము ఈ వైన్‌తో వడ్డిస్తారు. శాకాహారులకు వెన్నతో వేయించిన పుట్టగొడుగులు, ఏళ్లు ముదిరిన గట్టి జున్ను చక్కగా అమరుతాయి.

మన వంటల విషయంలో సూటిగా చెప్పాలి. కారం ఈ వైన్‌కు పొసగదు. పచ్చిమిర్చి మంట, ఆల్కహాలు మంట, వగరు మూడూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. గోంగూర, చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడుతుంది. ఆవకాయతో బరోలో తాగడం రెంటికీ అన్యాయం. కానీ హైదరాబాదీ మరగ్, కారం తగ్గించి చేసిన హలీమ్, మిరియాలతో నెమ్మదిగా ఉడికించిన వేటమాంసం దీనికి నిజంగా సరిజోడు. తీపితో మాత్రం కలపవద్దు. మిఠాయి తరువాత తాగితే ఈ వైన్ కషాయంలా ఉంటుంది.

మిగిలితే

మిగిలిన వైన్‌ను చిన్న సీసాలోకి నిండుగా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే లేత బరోలో రెండు మూడు రోజులు నిలుస్తుంది. రెండో రోజు మొదటి రోజు కంటే బాగున్న సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి. అలా జరిగితే మీరు ఏడవ మెట్టులో తక్కువ సమయం ఇచ్చారన్నమాట, మిగతా సీసాలకు ఆ లెక్క గుర్తుపెట్టుకోండి. మూడు రోజులు దాటినదాన్ని వంటకు వాడవచ్చు. అర కిలో వేటమాంసాన్ని ఉల్లిపాయ, క్యారెట్, రెండు బిర్యానీ ఆకులు, నాలుగు లవంగాలతో వేయించి, ఒక గ్లాసు వైన్ పోసి, సగం ఇగిరాక నీళ్లు చేర్చి, మూత పెట్టి సన్నని సెగ మీద రెండు గంటలకు పైగా ఉంచండి. ఉప్పు చివర్లో వేయండి, ఎందుకంటే ఇగిరేకొద్దీ రుచి చిక్కబడుతుంది.